హలీం బట్టీలో కొయ్యగుత్తి

రంజాను నెలలో పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు రహదారి ప్రక్కన అక్కడక్కడ హలీం బట్టీలు వెలుస్తాయి. ఇటుకలతో, మట్టితో కట్టిన పొయ్యి, దానిలో కూర్చిన పెద్ద డేగు, క్రింద కట్టెల మంట. 1970ల నుండి పరిశ్రమలు పెరిగిన ఈ సీమకు నానా రాష్ట్రాల కార్మికులు వచ్చి చేరారు. సాయంకాలం పని ముగించుకొని బట్టీ దగ్గర ఆగేవారిలో ఉపవాసం విడిచేవారూ ఉంటారు, ఊరక ఆకలిగొన్నవారూ ఉంటారు.

అందరి చూపూ గిన్నె మీదనే ఉంటుంది గాని, డేగు ప్రక్కన నిలిచిన మనిషి చేతిలోని పనిముట్టును గమనించేవారు తక్కువ. పొడుగాటి కొయ్య కాడ, చివర బరువైన మొద్దు. ఉర్దూలో దానిని ఘోట్నీ అంటారు. తెలుగు ఇల్లాలికి అది పరాయిది కాదు. ఇంటి పప్పుగుత్తియే పెరిగి పెద్దదై బట్టీలో ఉద్యోగానికి కుదిరినట్లుంటుంది!

తెలుగులో ఇటువంటి పనులకు క్రియల కరవు లేదు. కూరగాయలు తరుగుతారు, పసుపుకొమ్ములు దంచుతారు, పచ్చడి నూరుతారు, పిండి రుబ్బుతారు, పప్పు ఎనుపుతారు. ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క పనిముట్టు. కత్తిపీట చేసే పని రోకలి చేయదు, రోకలి చేసేది గుత్తి చేయదు. హలీంకు తగిన క్రియ ఎనపడమే. హలీంకు మూలమైన అరబ్బు వంటకం హరీస్. ఆ పేరు దంచడం, నలగగొట్టడం అనే అర్థంగల అరబ్బీ ధాతువు నుండి పుట్టినది. వంటకానికి దినుసును బట్టి గాక చేతిపనిని బట్టి పేరు వచ్చినదన్నమాట. నిజాముల కాలంలో అరబ్బులు తెచ్చిన ఆ గోధుమ, మాంసాల వంటకమే ఇక్కడి మసాలాలతో, నేతితో హైదరాబాదు హలీం అయినది. 2010లో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అందుకు చెప్పుకొన్న లెక్క పది పాళ్ల మాంసానికి నాలుగు పాళ్ల గోధుమ, సుమారు పన్నెండు గంటల వంట.

పన్నెండు గంటలు ఎందుకు? మాంసం సన్నని పోగుల కట్ట. పోగులను కలిపి ఉంచే పొర తడి వేడిలో మెల్లమెల్లగా కరిగి జిగురుగా మారుతుంది. అప్పుడు పోగులు వాటంతటవే వదులవుతాయి. కనుక విడదీసే పని చాలవరకు నిప్పుదే, గుత్తి దానిని ముగిస్తుంది. ఉడకని మాంసాన్ని ఎంత బలంగా మోదినా చేయి నొచ్చడం తప్ప ఫలం లేదు. ఎముకలున్న మాంసమైతే గుత్తి వేయకముందే వాటిని ఏరివేయాలి. ఎముక పెచ్చు గోధుమలో కలిసిందంటే మరి వెదకి తీయడం కష్టం.

ఈ సూత్రం హైదరాబాదుకే పరిమితం కాదు. అమెరికాలో పంది భుజపు మాంసాన్ని సన్నని సెగపై గంటల తరబడి కాల్చి, లోపలి వేడి తొంబది డిగ్రీలు దాటిన పిమ్మట రెండు ముళ్లగరిటెలతోనో, ఎలుగుబంటి గోళ్లవంటి పంజాలతోనో పోగులుగా చీలుస్తారు. ఉత్తర కరోలినా తూర్పు ప్రాంతంలో మాత్రం కత్తులతో కొట్టి చిన్న తునకలు చేస్తారు. అక్కడ చీల్చడానికీ నరకడానికీ రుచిలోనే తేడా ఉన్నది. మన బట్టీలో పంజా పనికిరాదు. గోధుమనూ మాంసాన్నీ ఏకం చేయవలసి ఉన్నది గనుక మొద్దు కొసయే కావాలి.

గుత్తి కొయ్యదే ఎందుకు కావాలో బట్టీ దగ్గర ఒక గడియ నిలిస్తే తెలుస్తుంది. ఇనుప కాడ ఆ సెగలో చేతిని కాలుస్తుంది. రాగి డేగుకు పూసిన కళాయిని ఇనుము గీరుతుంది, కొయ్య గీరదు. వాసన, జిగురు లేని గట్టి కొయ్య మేలు. పాలిష్ పట్టించినది వద్దు. కాడ పొడవుగా ఉంటే మనిషి మంటకు ఎడంగా నిలువగలడు. తల మరీ బరువైతే నడిరేయికే భుజాలు పడిపోతాయి. పగులు విచ్చిన గుత్తిని దాచుకోరాదు. పగుళ్లలో మిగిలిన మాంసం మరునాటికి కుళ్లుతుంది.

ఇప్పుడు మోటారుతో తిరిగే ఘోటా యంత్రాలు కూడా వచ్చాయి. యంత్రాలే బ్రతుకుతెరువైన పటాన్‌చెరులో వాటిని చూసి ముక్కు విరవడం వింతగా ఉంటుంది. రాత్రంతా నిప్పు ముందు నిలిచే మనిషి భుజానికి విశ్రాంతి దొరికితే వంటకానికి వచ్చే కీడేమీ లేదు. చూడవలసినది చేయా, మోటారా అన్నది కాదు. మొద్దు కొసా, పదునైన అలుగా అన్నది. అలుగు పోగును అడ్డంగా తెగగొడుతుంది. మిక్సీ జారులో తిప్పిన హలీం నునుపుగా కనిపిస్తుంది గాని, అది మాంసపు పిండి వంటిది. దానిలో సాగే పీచు ఉండదు.

ఇంట వండేవారికి పెద్ద ఘోట్నీ అక్కరలేదు. కుక్కరులో మెత్తబడిన మాంసానికి, నానబెట్టి ఉడికించిన గోధుమరవ్వకు మామూలు పప్పుగుత్తి చాలును. గిన్నె మాత్రం అడుగు మందంగా ఉండాలి. కొంతసేపు ఎనిపి, చిటికెడు తీసి చల్లార్చి, రెండు వేళ్ల నడుమ సాగదీయాలి. గింజ తగిలితే ఇంకా ఎనపాలి. సన్నని పోగు సాగితే గుత్తిని కడిగి నీడలో ఆరబెట్టవచ్చును.