మొక్కజొన్న బొమ్మలకు పెళ్లి

ఒంటారియోలో బడులకు జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా సెలవులు. కిందటేడాది పిల్లలిద్దరికీ క్రాఫ్టు కిట్లు కొని, ఆఫీసు ప్రాజెక్టులా టైంటేబుల్ వేశాను. మూడో రోజుకే ట్యాబ్‌లు పట్టుకున్నారు. తప్పు నాదే. బొమ్మ చక్కగా రావాలని ప్రతి మడతా నేనే సరిచేశాను.

ఆగస్టులో మా అమ్మ మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ, "తాటాకు లేకపోతేనేం, ఇదుందిగా!" అంది. పై ఆకులు కాసేపు నీళ్లలో నానబెట్టి, మడిచి, దారంతో మెడ, నడుము కట్టి చూపించింది. ఇక్కడి హోడినోషోనీ ఆదివాసులూ తరతరాలుగా ఇలాంటి బొమ్మలే చేస్తారు. వాటికి ముఖం గీయరు. బడిలో విన్న ఆ సంగతి మా పాప వచ్చీరాని తెలుగులో నానమ్మకు చెప్పింది. నానమ్మేమో తాటాకు బొమ్మల పెళ్లిళ్ల కబుర్లు చెప్పింది.

తెలుగులో మాట్లాడమంటే మొహం తిప్పుకునే పిల్ల, "నానమ్మా, దారం ఇవ్వు" అంటూ ఆమె వెంటే తిరిగింది. ఆదివారం బొమ్మలకు పెళ్లి చేశారు. చక్కెర పొంగలి కూడా వండించారు!

సెప్టెంబరులో అమ్మ ఊరికి వెళ్లిపోయింది. మెడ వంకర పెళ్లికూతురు ఇంకా మా కిటికీలోనే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరూ దాని క్షేమం మాట్లాడుకుంటారు.

ఈ వేసవిలో మీరూ ప్రయత్నించండి. ఒక్కటే షరతు: పిల్లలు చేసినదాన్ని సరిచేయకండి.