పేలాక మిగిలే ఇత్తడి

ఎన్‌.సి.సి. క్యాంపులో ఫైరింగ్ అయిపోయాకే అసలు పని మొదలయ్యేది. పాయింట్ టూ టూ రైఫిల్ వాసన చేతులకు ఇంకా అంటుకుని ఉండగానే హవల్దారు మమ్మల్ని వరసగా గడ్డిలో కూర్చోబెట్టి ఖాళీ గొట్టాలు ఏరించేవాడు. వాటిని హిందీలో ఖోకాలు అనేవాడు, మేమూ అదే మాట పట్టుకున్నాం. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖోకాలు లెక్కకు రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలడానికి లేదు. ఓ సాయంత్రం నలభైమందిమి ఒకే ఒక్క ఖోకా కోసం మసక చీకటి పడేదాకా దేవులాడాం. చివరికి ఒకడి బూటు మడమ కింద, మట్టిలో కూరుకుపోయి దొరికింది. చిటికెన వేలి తొలి కణుపంత కూడా లేదు. పేలిపోయిన దానితో ఇంకా ఏం పని ఉంటుందని ఆ రోజు విసుక్కున్నాను. దానికి జవాబు ముప్ఫయ్యేళ్ళ తరవాత టెక్సాస్‌లో, మా అమ్మాయి వాళ్ళ పక్కింటి గరాజ్‌లో దొరికింది.

పక్కింటాయన రిటైరైన మెషినిస్టు. కర్రబల్లకు బోల్టులతో బిగించిన ఇనుప ప్రెస్, దానికి మూరెడు పొడవు పిడి, పక్కన త్రాసు, గోడవార వరసగా పాత కాఫీ డబ్బాలు. డబ్బాల నిండా ఖోకాలే. ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి, దీన్ని ఇప్పటికి తొమ్మిదిసార్లు పేల్చానని చెప్పాడు. అన్నిసార్లు పేలిన వస్తువులా లేదది. మెడ దగ్గర కాస్త నీలి ఛాయ, మిగతాదంతా పూజ సామానులా తళతళలాడుతోంది.

తూటా తగిలిందని పత్రికల్లో రాస్తాం గాని, నిజానికి తగిలేది గుండు ఒక్కటే. తూటా అంటే నాలుగు వస్తువుల పొత్తు. ముందు సీసపు గుండు, దాని వెనక మందు, అడుగున మందుకు నిప్పంటించే రంజకం, ఈ మూడింటినీ ఒకచోట పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పేల్చాక గుండు వెళ్ళిపోతుంది, మందు పొగైపోతుంది, రంజకం కాలిపోతుంది. గొట్టం మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనదీ, తయారుచేయడానికి కష్టమైనదీ అదే. ఇంట్లో కూర్చుని తూటాలు నింపుకునే అలవాటు అమెరికాలో పుట్టి పెరగడానికి మూలం అక్కడే ఉంది.

ఈ గొట్టం లేని రోజుల్లో మందూ గుండూ కాగితంలో చుట్టి ఉండేవి. సిపాయి ఆ పొట్లాన్ని పళ్ళతో చింపి, మందు బారెల్లో పోసి, గుండు కూరేవాడు. 1857లో సిపాయిలు కాదన్నది సరిగ్గా ఆ పొట్లాన్నే. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం వచ్చిన పొట్లాలకు పూసిన కొవ్వు ఆవుదో పందిదో అన్న అనుమానం దేశాన్ని కుదిపింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళకు, 1866లో, అదే ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను వెనకనుంచి తెరుచుకునేలా మార్చి, నోటితో కొరకనక్కరలేని ఇత్తడి తూటాను దానికి జతచేశారు. ఆ తూటాను రూపొందించినవాడు ఇంగ్లండులోని వూల్‌విచ్ ఆయుధ ప్రయోగశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్.

బాక్సర్‌కు ముందే ఇద్దరు ముగ్గురు దారి వేసి ఉంచారు. స్కాట్లండులో బెల్‌హెల్వీ అనే పల్లెలో చర్చి పాస్టరు అలెగ్జాండర్ ఫోర్సైత్‌కు పక్షుల వేట ఇష్టం. చెకుముకి తుపాకి పక్కనున్న పళ్ళెంలో రంజకం భగ్గుమనగానే, గుండు బయలుదేరే లోపలే పక్షులు ఎగిరిపోయేవి. నిప్పురవ్వ అక్కరలేకుండా, దెబ్బ తగిలితేనే పేలే రసాయనంతో తుపాకి పేల్చే ఏర్పాటుకు ఆయన 1807లో పేటెంటు తీసుకున్నాడు. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకి తెలిసినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కరలేదు. ఆ రీలు మీది చుక్కలు ఫోర్సైత్ ఆలోచనకు దూరపు చుట్టాలు. 1812లో పారిస్‌లో యోహానెస్ పౌలీ అనే స్విస్ పనివాడు రంజకాన్ని తూటా అడుగునే అమర్చి చూపించాడు. 1845లో ఫ్లోబెర్ అనే ఫ్రెంచి పనివాడు దాన్ని చిన్న రాగి టోపీ అంచు మడతలోకి దించాడు. మా క్యాంపులోని పాయింట్ టూ టూ ఆ వంశమే. అంచు మీద సుత్తి పడితే మడత నలిగి పేలుతుంది. నలిగిన అంచును మళ్ళీ తిన్నగా చేసి రంజకం పెట్టడం అయ్యే పని కాదు గనక ఆ ఖోకాకు ఒకటే జన్మ.

బాక్సర్ రంజకాన్ని విడిగా, చిన్న గిన్నెలా చేసి గొట్టం అడుగు మధ్యలో బిగించాడు. రంజకాన్ని నలిపే చిన్న దాగలి కూడా ఆ గిన్నెలోనే ఉంటుంది. మంట లోపలికి వెళ్ళడానికి గొట్టం అడుగున, సరిగ్గా నట్టనడుమ, ఒకే చిల్లు. అదే ఏడాది అమెరికాలో హైరమ్ బెర్డాన్ కూడా రంజకపు గిన్నె చేశాడు. అయితే అతని పద్ధతిలో దాగలి గొట్టానికే ఉంటుంది. దాని పక్కగా రెండు సన్నని చిల్లులు. పేలడం వరకూ రెండూ ఒకటే. కాలిపోయిన గిన్నెను బయటికి తీయాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. బాక్సర్ గొట్టంలోకి పైనుంచి సన్నటి ఇనుప చువ్వ దించితే తిన్నగా నడిమి చిల్లులోంచి దిగి, గిన్నెను ఒక్క తోపుతో కింద పడేస్తుంది. బెర్డాన్ గొట్టంలో ఆ చువ్వ దాగలికి తగిలి ఆగిపోతుంది. కాలక్రమంలో ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడి పద్ధతి ఐరోపాలో స్థిరపడింది. ఆ నడిమి చిల్లే లేకపోతే నేను చూసిన గరాజ్‌లో ఆ ప్రెస్ ఉండేది కాదని నా నమ్మకం.

ఇక ఇత్తడే ఎందుకు అన్నది అసలు విషయం. మందు అంటుకోగానే గొట్టం లోపల పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 4,000 రెట్లు అవుతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు మూడు రెట్లు మించదు. సెకనులో వెయ్యో వంతు సేపు గొట్టం ఉబ్బి, చుట్టూ ఉన్న ఉక్కు గోడకు అతుక్కుపోయి, వేడి వాయువు పేల్చేవాడి ముఖంలోకి రాకుండా ఆపుతుంది. గుండు బయటపడి పీడనం పోగానే గొట్టం గోడను వదలాలి. వదలకపోతే ఖోకా ఊడిరాదు. పట్టుకోవడం, వదలడం, రెండూ రెప్పపాటు లోపలే. నా లెక్కలో ఇది పాత్ర కాదు, యంత్రమే.

పట్టుకోవడానికి మెత్తదనం కావాలి, వదలడానికి బిగువు కావాలి. సాగిన లోహం ఎంత వెనక్కి వస్తుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. శాశ్వతంగా వంగిపోకుండా ఎంత బలం ఓర్చుకుంటుంది, ఆ బలానికి ఎంత సాగుతుంది. రాగి తొందరగా లొంగిపోతుంది, వెనక్కి రాదు. 70 పాళ్ళు రాగికి 30 పాళ్ళు తుత్తునాగం కలిపిన ఇత్తడిని సాగగొడితే రాగికన్నా ఎంతో గట్టిపడుతుంది. పైగా ఒకే బలానికి ఉక్కు సాగేదానికి దాదాపు రెండింతలు సాగి, సాగిన దాంట్లో చాలామటుకు తిరిగి కుంచించుకుంటుంది. చుట్టూ ఉన్న ఉక్కు గోడ వచ్చేదానికన్నా ఇత్తడి ఒక వెంట్రుకవాసి ఎక్కువ వెనక్కి వస్తుంది. ఆ సందులోంచే ఖోకా జారి బయటపడుతుంది.

రాగి గొట్టం ఏంచేస్తుందో అమెరికా సైన్యానికి అనుభవమే. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ తెగల యోధుల చేతిలో కస్టర్ అనే సైనికాధికారి దళం తుడిచిపెట్టుకుపోయాక, వేడెక్కిన కార్బైన్లలో రాగి గొట్టాలు ఇరుక్కుపోయాయనీ, సైనికులు కత్తులతో పెకలించుకోవలసి వచ్చిందనీ కథలు పుట్టాయి. 1980లలో పురావస్తు పరిశోధకులు ఆ మైదానాన్ని లోహశోధక యంత్రాలతో గాలించి, దొరికిన ఖోకాల మీద గీతలు పరీక్షించారు. పెకలించిన గుర్తులున్నవి చాలా కొద్ది. ఇరుక్కోవడం నిజమే గాని, ఓటమికి కారణం అది కాదు. నూరేళ్ళు మట్టిలో పడి ఉన్న ఖోకా సాక్ష్యం చెప్పింది.

ఇత్తడి స్వభావం మన కంచరులకు ఏనాటినుంచో తెలుసు. పెంబర్తిలో రేకు మీద బొమ్మ తేల్చే పనివాడు కొట్టీ కొట్టీ రేకు బిరుసెక్కగానే కొలిమిలో కాక పెట్టి మెత్తబరుస్తాడు, మళ్ళీ కొడతాడు. తూటాల ఫ్యాక్టరీలో జరిగేదీ అదే. ఇత్తడి బిళ్ళను గిన్నెగా నొక్కి, సాగదీసి, కాక పెట్టి, మళ్ళీ సాగదీసి గొట్టం చేస్తారు. అడుగు భాగం గట్టిగా ఉంచి, మెడను చివరగా ఒకసారి కాకపెట్టి మెత్తగా వదిలేస్తారు. మెడ దగ్గర నేను చూసిన నీలి ఛాయ ఆ కాక గుర్తే.

ఈ లోహానికి ఒక జబ్బు ఉంది. అది బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుసాలల దగ్గర నిల్వచేసిన తూటాలు ఎవరూ ముట్టుకోకుండానే మెడ దగ్గర నిలువుగా పగిలిపోయేవి. ఋతువును బట్టి వచ్చేది గనక ఋతుపగుళ్ళు అన్నట్టు పేరుపెట్టారు గాని కారణం ఏమిటో తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు లోహశాస్త్రజ్ఞులు విప్పిచెప్పారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు తేమ, సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే పగులు. తక్కువ వేడి మీద కాచి ఆ బిగువు తీసేస్తే పగులు రాదు. అమ్మోనియా ఉన్న పాలిష్‌తో ఖోకాలు తోమకూడదని టెక్సాస్ పెద్దాయన నాకు చెప్పినప్పుడు మన గుర్రపుసాలల సంగతి ఆయనకు చెప్పాను. అప్పటిదాకా ఆయనకు అది నియమంగానే తెలుసు.

మళ్ళీ నింపడం మొదట్లో అలవాటు కాదు, అవసరం. 1870లలో అమెరికా మైదానాల్లో అడవిదున్నల వేటగాళ్ళు ఊళ్ళకు వందల మైళ్ళ దూరంలో ఉండేవాళ్ళు. పగలు పేల్చిన గొట్టాలు రాత్రి నెగడు పక్కన పెట్టుకుని, సీసం కరిగించి అచ్చుల్లో పోసి, మందు కొలిచి నింపుకునేవాళ్ళు. 1884లో జాన్ బార్లో అనే ఆయన కనెక్టికట్ రాష్ట్రంలో ఐడియల్ కంపెనీ పెట్టి ఈ పనులన్నీ ఒకే చేతి పనిముట్టులో ఇమిడ్చాడు. చూడటానికి అచ్చం మన అడకత్తెర. పాత రంజకాన్ని తోసేదీ, కొత్తది నొక్కేదీ, గుండు బిగించేదీ అదే.

సరిగ్గా అదే ఏడు ఫ్రాన్సులో పాల్ వీయే పొగరాని మందు కనిపెట్టడంతో ఆట మారిపోయింది. పాత నల్ల తుపాకిమందును గొట్టం నిండా పోసినా ఫరవాలేదు, నిండా పడితేనే మేలు. కొత్త మందు శక్తి దానికన్నా చాలా ఎక్కువ. పాత అలవాటుతో నిండా పోసినవాడి తుపాకి చేతుల్లోనే బద్దలయ్యేది. కొలతగిన్నె పోయి త్రాసు వచ్చింది, పరీక్షించి అచ్చువేసిన పట్టికలు వచ్చాయి. తూకం గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకు 7,000. ఒక్కో గ్రెయిన్ మన కంసాలి గురిగింజ ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ. పెద్దాయన త్రాసు అందులో పదో వంతు తేడా కూడా చూపిస్తుంది. బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం మందు డబ్బా, రేడియో కట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పని. నేను అడిగినవాటికి కూడా త్రాసు ముందునుంచి లేచాకే జవాబు చెప్పాడు.

రంజకం కూడా చాలాకాలం వేధించింది. మొదటి రకంలో పాదరసం ఉండేది. అది ఇత్తడిలోకి ఇంకి పెళుసు చేసేది, ఖోకా రెండోసారికి పనికొచ్చేది కాదు. దాని బదులు వచ్చిన రకం ఇత్తడిని వదిలేసింది గాని, కాలాక ఉప్పులాంటి పదార్థం మిగిల్చి బారెల్‌ను తుప్పు పట్టించేది. 1920ల చివర్లో ఈ రెండు దోషాలూ లేని రంజకం బజారుకు వచ్చాకే ఇంట్లో నింపుకునేవాళ్ళకు ఊపిరాడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో లోహమంతా సైన్యానికి పోయి గుండ్లు దొరక్కుండా పోయాయి. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే యువకుడు పేలిపోయిన పాయింట్ టూ టూ ఖోకాలనే తీసుకుని, అంచు సాపుచేసి, లోపల సీసం పెట్టి, అచ్చులో నొక్కి గుండ్లుగా మార్చే డైలు తయారుచేశాడు. 1943లో పెట్టిన ఆ కంపెనీయే ఆర్.సి.బి.ఎస్. నేను చూసిన పచ్చరంగు ప్రెస్ మీద ఆ నాలుగక్షరాలే పోతపోసి ఉన్నాయి. ఒకటే జన్మ అనుకున్న ఖోకాకు రెండో జన్మ అలా దొరికింది. మేము గడ్డిలో దేవులాడింది ఆ జాతిదాని కోసమే.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అందుకే ఇది మనకు తెలియని వ్యాపకం. అక్కడ మాత్రం డబ్బు మిగులుతుందని మొదలుపెట్టి, గురి కోసం కొనసాగిస్తారు. ఏ రెండు రైఫిళ్ళ లోపలి గదీ ఒక్క తీరుగా ఉండదు. ఒకసారి పేలిన గొట్టం ఆ గదికి అచ్చు పోసినట్టు తయారవుతుంది. దాన్ని మెడ దగ్గర మాత్రమే నొక్కి మళ్ళీ నింపితే, ఆ తూటా ఆ ఒక్క రైఫిల్‌కే కుట్టించిన చొక్కా. ఆయన ఖోకాలు ఏ రైఫిల్‌వి ఆ రైఫిల్‌కే, వేరువేరు డబ్బాల్లో ఉన్నాయి.

ప్రతి పేలుడుకూ ఇత్తడి కొద్దికొద్దిగా మెడవైపు పాకుతుంది. మెడ పొడుగవుతుంది, అడుగుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. పైకి ఏమీ కనపడదు. పెద్దాయన కొస వంచిన సన్నని తీగ లోపలికి దించి, గోడ వెంబడి నెమ్మదిగా పైకి లాగుతున్నాడు. తొమ్మిదిసార్లు పేలిన ఆ ఖోకాలో తీగ ఒకచోట ఆగింది. నా చేతికిచ్చి చూడమన్నాడు. గోరు గీతలో పడ్డట్టు తీగ కొస చిన్న గాడిలో తట్టుకోవడం వేళ్ళకు తెలిసింది. ఆయన శ్రావణం తీసుకుని, ఎవరూ పొరపాటున నింపకుండా దాని మెడ నలిపేసి, పాత సామానుకు వేసే డబ్బాలో పడేశాడు. తరవాతి ఖోకా తీసుకుని అందులోకి తీగ దించాడు.