ముందు ఎవరికి వైద్యం? మెడికోలకు ఫోన్‌లోనే ట్రయాజ్ పాఠం.. కానీ అదొక్కటే చాలదు!

పలమనేరు, గంగవరం వాళ్లకు మొగిలి ఘాట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 13న అక్కడ ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని 8 మంది చనిపోయారు. 30 మందికి పైగా గాయపడ్డారు. అలాంటి చోటికి ముందుగా ఇద్దరు డాక్టర్లే చేరుకుంటే? ఎవర్ని ముందు చూడాలి? డిజాస్టర్ మెడిసిన్‌లో మొదటి పాఠం ఇదే. పేరు ట్రయాజ్.

ఎక్కువగా వాడే పద్ధతి ‘స్టార్ట్’. 1983లో కాలిఫోర్నియాలో తయారైంది. ఒక్కొక్కరికి నిమిషం లోపే కేటాయించాలి. లేచి నడిచేవాళ్లు గ్రీన్. మిగతావాళ్లలో ఊపిరి నిమిషానికి 30 సార్లు దాటినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, చెప్పింది చేయలేకపోయినా రెడ్. అంటే ముందు వీళ్లే. ఇవేవీ లేకపోతే ఎల్లో. తల సర్ది గాలి ఆడేలా చేసినా ఊపిరి రాకపోతే బ్లాక్.

అసలు చిక్కు ఇక్కడే. కాలు విరిగి గట్టిగా అరుస్తున్న కుర్రాడు ఎల్లో కావచ్చు. పక్కనే చప్పుడు లేకుండా పడి ఉండి, నిమిషానికి 36 సార్లు ఊపిరి పీలుస్తున్న మహిళ రెడ్. అరుపు వినిపించిన వైపు పరిగెత్తడం ఎవరికైనా సహజం కదా! ఆ అలవాటు మార్చడానికి ఆన్‌లైన్ బాగా పనికొస్తుంది. స్క్రీన్ మీద ఒక్కో పేషెంట్ వివరాలు వస్తుంటాయి, టైమర్ నడుస్తుంటుంది, స్టూడెంట్ రంగు చెప్పాలి. వందసార్లు తప్పు చెప్పినా ఎవరి ప్రాణం పోదు.

2019 నుంచి అమల్లోకి వచ్చిన ఎంబీబీఎస్ సిలబస్‌లో, కమ్యూనిటీ మెడిసిన్ కింద విపత్తు నిర్వహణ ఉంది. మరుసటి ఏడాదే కొవిడ్‌తో క్లాసులు ఫోన్‌లోకి వచ్చేశాయి. అదే టైంలో, 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకై వందల మంది ఆసుపత్రులకు చేరారు.

అయితే చీకట్లో, జనం తోసుకుంటుంటే, రక్తంతో తడిసిన చేతికి నాడి వెతకడం ఏ యాప్ నేర్పుతుంది? రక్తం ఆగేలా కట్టు బిగించడం చేత్తో చేస్తేనే వస్తుంది. అందుకే లెక్కలు ఫోన్‌లో, డ్రిల్ గ్రౌండ్‌లో. తోటి స్టూడెంట్లే రంగు గాయాలు పూసుకుని పేషెంట్లుగా పడుకుంటారు.

అందర్నీ దగ్గర్లో ఉన్న ఒకే ఆసుపత్రికి తరలిస్తే ప్రమాదం అక్కడికి మారినట్టే. ఎవర్ని ఎక్కడికి పంపాలో కూడా రంగును బట్టే తేల్చాలి. 108కి ఫోన్ చేసేవాళ్లు కూడా ఎందరు గాయపడ్డారో, వాళ్లలో ఎందరు లేవలేకపోతున్నారో ముందే చెబితే ఎన్ని అంబులెన్సులు పంపాలో అప్పుడే తెలుస్తుంది.