ఆపు అంటే అందరికీ తెలియాలి
క్రేన్ దగ్గర మాట కన్నా చేతి సైగే దిక్కు

క్రేన్ నడిపే డ్రైవరుది బీహార్. కొక్కేనికి బరువు తగిలించేది ఒడిశా కుర్రాడు. మేస్త్రీది ధర్మపురి. కింద కడ్డీలు అందుకునే నలుగురూ పాలమూరు వాళ్లు. హోసూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో లేస్తున్న భవనాల దగ్గర ఆగితే ఇలాంటి జట్లే కనిపిస్తాయి. బళ్లారి అయినా, ముంబయి శివార్లు అయినా ఇదే తీరు.

మనం 'పైకి' అంటే కన్నడంలో 'మేలె', హిందీలో 'ఊపర్'. ఇక 'ఆపు' సంగతి సరేసరి. నిల్లిసి, నిరుత్తు, థాంబా, రోకో.. ఒక్కొక్కరి నోట ఒక్కో మాట. మామూలప్పుడైతే నవ్వుకుని సర్దుకుపోతాం. రెండు టన్నుల ఇనుము నెత్తి మీద ఊగుతున్నప్పుడు సర్దుకోవడానికి టైముండదు.

కట్టడం పని కోసం ఊరు దాటడం మనవాళ్లకు కొత్త కాదు. ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరొచ్చిందే అక్కడ స్థిరపడ్డ తెలుగు పనివారి వల్ల. ఆనాడు తట్టలు, గమేళాలు మోసిన చోటికి ఇప్పుడు క్రేన్లు వచ్చాయి. నడుం మీద బరువు తగ్గింది. ప్రాణభయం మాత్రం తగ్గలేదు.

2020 ఆగస్టు 1న విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో బరువు పరీక్ష జరుగుతుండగా భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. సరిగ్గా మూడేళ్లకు, 2023 ఆగస్టు 1 తెల్లవారకముందే, ఠాణే జిల్లా షహాపూర్ దగ్గర సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే పనుల్లో గడ్డర్లు అమర్చే యంత్రం కుప్పకూలి 20 మంది ప్రాణాలు పోయాయి. ఇవి పెద్ద ప్రమాదాలు కాబట్టి దేశమంతా తెలిసింది. వీధి చివర అపార్ట్‌మెంటు దగ్గర హైడ్రా ఒరిగి ఒక కూలీ పోతే అది మూడు లైన్ల వార్తే. ఆ ఇంటికి మాత్రం లోకమే పోయినట్టు.

సైగలు ఇవీ..

భాష ఏదైనా చేయి ఒక్కటే. అందుకే క్రేన్ పనికి చేతి సైగలు ఏర్పడ్డాయి. ఇవి ఎక్కువ చోట్ల వాడుకలో ఉన్నవి.

* ఎత్తు: ముంజేయి నిటారుగా పెట్టి, చూపుడువేలు పైకి చూపి, చిన్న సున్నాలా తిప్పాలి.
* దించు: చేయి కిందికి చాచి, వేలు నేలవైపు చూపి అలాగే తిప్పాలి.
* బూమ్ లేపు, బూమ్ దించు: చేయి పక్కకు చాచి పిడికిలి బిగించాలి. బొటనవేలు పైకి ఉంటే లేపమని, కిందికి ఉంటే దించమని.
* ఆపు: ఒక చేయి పక్కకు చాచి, అరచేయి నేలవైపు ఉంచి, అటూ ఇటూ ఊపాలి.
* వెంటనే ఆపు: రెండు చేతులూ చాచి అలాగే ఊపాలి.

సైటును బట్టి సైగల్లో కొద్దిగా తేడా ఉండొచ్చు. అందుకే పని మొదలయ్యే ముందు డ్రైవరు, సైగ చేసే మనిషి, కింద పనిచేసేవారు ఒకచోట నిలబడి ఒకసారి చేసి చూసుకోవాలి. పది నిమిషాల పని.

ఇంకో మాట. డ్రైవరుకు సైగ ఇచ్చేది ఒక్కరే కావాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి చేతులూపితే అంతే సంగతులు. ఒక్క 'ఆపు' మాత్రం ఎవరిచ్చినా డ్రైవరు ఆపి తీరాలి. నిన్న పనిలో చేరిన హెల్పరైనా సరే.

బరువొక్కటే చూస్తే చాలదు

12 టన్నుల హైడ్రా అంటే ఎప్పుడూ 12 టన్నులు ఎత్తుతుందని కాదు. బరువు దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే ఆ లెక్క. బూమ్ చాచే కొద్దీ, బరువు దూరం జరిగే కొద్దీ దాని శక్తి పడిపోతుంది. ఎంత దూరంలో ఎంత ఎత్తొచ్చో కేబిన్‌లోని లోడ్ చార్టు చెబుతుంది. చార్టు చిరిగిపోయిందంటే ఆ క్రేన్ గుడ్డిగా నడుస్తున్నట్టే.

స్లింగుల లెక్కా అంతే. టన్ను బరువును రెండు స్లింగులతో ఎత్తుతున్నారనుకోండి. అవి నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద సుమారు 580 కిలోల లాగుడు పడుతుంది. 45 డిగ్రీలైతే 710 కిలోలు. 30 డిగ్రీలకు వాలిపోతే ఒక్కోదాని మీదా పూర్తి టన్ను! స్లింగు పొట్టిదైతే కోణం వాలుతుంది. 'ఉన్నదాంతో కానిచ్చేద్దాం' అనే మాట ఇక్కడే కొంప ముంచుతుంది.

నేల మెత్తగా ఉంటే జాకీల కింద గట్టి దిమ్మెలు వేయాలి. నిన్న పూడ్చిన గోతి మీద, డ్రెయినేజీ మూత మీద జాకీ నిలబెట్టకూడదు. హైడ్రా బరువెత్తుకుని నడిచేటప్పుడు ముందున్న మనిషి డ్రైవరుకు సరిగా కనిపించడు. ఊగకుండా బరువును చేత్తో పట్టుకుని పక్కనే నడవడం చాలా సైట్లలో అలవాటు. చేత్తో కాదు, బరువుకు కట్టిన పొడవాటి తాడుతో దూరం నుంచి అదుపు చేయాలి.

కరెంటు తీగలకు కనీసం 3 మీటర్ల ఎడం ఉంచాలి. పెద్ద లైన్లయితే ఇంకా ఎక్కువ. బూమ్ తీగకు తగిలితే డ్రైవరు కేబిన్‌లోనే ఉండాలి. కింద ఉన్నవారు క్రేన్‌ను గానీ, బరువును గానీ ముట్టుకోకూడదు. మంటలొచ్చి దిగక తప్పకపోతే క్రేన్‌ను, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి. తర్వాత పాదాలు ఎడం చేయకుండా చిన్న చిన్న అడుగులతో జరిగిపోవాలి.

రూల్సు ఏమంటున్నాయి?

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం, 1998లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. క్రేన్‌ను మొదటిసారి వాడే ముందు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి బరువు పెట్టి పరీక్షించాలి. ఏడాదికోసారి నిపుణుడితో క్షుణ్నంగా తనిఖీ చేయించాలి. 18 ఏళ్లు నిండని వారు క్రేన్ నడపకూడదు, సైగలూ ఇవ్వకూడదు. ఇనుప తాడును కనీసం మూడు నెలలకోసారి చూడాలి. ఒక్క తీగ తెగినా అప్పటి నుంచి నెలనెలా చూడాలి. తాడు మందానికి 8 రెట్ల పొడవులో తెగిన తీగలు పది శాతం దాటితే ఆ తాడు పక్కన పడేయాల్సిందే. 20 మిల్లీమీటర్ల తాడైతే 16 సెంటీమీటర్ల పొడవులో లెక్క చూడాలన్నమాట.

1996 చట్టం ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. చట్టం పేరు మారినా క్రేన్ బరువు మారదు, తాడు బలమూ మారదు. పరీక్ష కాగితం చూపించమని మేస్త్రీని అడగడం తప్పేమీ కాదు.

నోరు తెరవడమే కష్టం

అసలు చిక్కు రూల్సు తెలియకపోవడం ఒక్కటే కాదు. పరాయి ఊరు, రాని భాష, రోజు కూలీ. బరువు కింద నిలబడమంటే నిలబడతాం. తాడు పీచులు లేచినట్టు కనిపించినా 'మనకెందుకులే, పని పోతుంది' అనుకుంటాం. ఏళ్ల తరబడి అక్కడే స్థిరపడి, స్థానిక భాష వచ్చిన తెలుగు మేస్త్రీలు, సూపర్‌వైజర్లు ఈ ఊళ్లన్నిటా ఉన్నారు. కొత్తగా వచ్చిన జట్టుకు 'ఆపు' సైగ నేర్పాల్సింది, వాళ్ల తరఫున కాంట్రాక్టరుతో మాట్లాడాల్సింది ముందుగా వాళ్లే.

రేపు పొద్దున సైటుకు వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. కొక్కెం పైకి లేవకముందే డ్రైవరుకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచి ఊపి చూపించండి. 'అన్నా, ఈ సైగ చేస్తే ఆపేయాలి' అని చెప్పండి. ఆయనకు తెలుగు రాకపోయినా ఫరవాలేదు. సైగ అర్థమవుతుంది.