ముందు చక్రాల ధ్వనులు – వాటి నిదానం

వ్యాధిగ్రస్తుడు తన వద్దకు వచ్చినప్పుడు ఉత్తమ వైద్యుడు వెంటనే మందు వ్రాయడు. ముందుగా వ్యాధికి మూలమేదో కనుగొంటాడు. ఆయుర్వేదంలో దీనికి నిదానమని పేరు. యునానీ హకీము రోగి నబ్జ్ పట్టుకొని కొంతసేపు మౌనంగా ఉండడంలోని ఆంతర్యం కూడా ఇదే. 1816లో లాయెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. నేటి స్టెతస్కోపుకు అదే పునాది. మోటారు వాహనాలను బాగుచేసే మన ఊరి ఉస్తాదులు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను యంత్రానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వినడం మనం చూస్తూనే ఉంటాము. పరికరాలు వేరైనా పద్ధతి ఒక్కటే. శరీరమైనా యంత్రమైనా బాధ కలిగినప్పుడు ఏదో ఒక ధ్వని చేస్తుంది. దానిని వినగలిగినవాడు సగం చికిత్స చేసినట్లే.

కారు ముందు చక్రాల నుండి, బ్రేకుల నుండి వచ్చే అసాధారణ ధ్వనులు ఎట్టివి, వాటిలో ఏది నిరపాయకరం, ఏది ప్రాణాంతకం అన్న విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన నేల – మన వాహనాలు

అనంతపురం పీఠభూమిలో సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. వేరుశనగ పొలాలు ఎండి, గాలులు వీచే రోజులలో రోడ్లపైన ఎర్రని దుమ్ము తెరలు తెరలుగా లేస్తుంది. ఆ దుమ్ములోని సన్నని ఇసుక రేణువులు, కంకర రోడ్లపై ఎగిరే చిన్న రాళ్ళు వాహనపు చక్రాలలో చేరుతాయి. అందువల్ల ఇక్కడి కార్లు తడి ప్రాంతాల కార్లకంటె ఎక్కువగా కీచుమంటాయి, గరగరమంటాయి. దీనివల్ల ఒక ప్రమాదం ఉన్నది. ప్రతి ధ్వనినీ “దుమ్ములే” అని త్రోసిపుచ్చే అలవాటు మనకు ఏర్పడినది.

2014 వరకు తయారైన అంబాసిడర్ కారులో ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందేది. 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో, ముందు చక్రాలే బండిని లాగే పద్ధతి మన సామాన్య కుటుంబాలకు పరిచయమైనది. 2019లో మన పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో కార్ల ఉత్పత్తి ప్రారంభమైనది. నేటి చిన్న కార్లలో అధికభాగం ముందు చక్రాలతో నడిచేవే. అనగా బండిని లాగడం, దారి మళ్ళించడం, ఆపడంలో అధిక భారం వహించడం, ఈ మూడు పనులూ ముందు చక్రాలవే. అన్ని పనులు చేసేవాడికే అలసట ఎక్కువ కదా!

బ్రేకు ఏమి చేస్తుంది?

బ్రేకు చేసే పని చలన శక్తిని వేడిగా మార్చడం. 1000 కిలోల బరువు గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలోని చలన శక్తి సుమారు 1,39,000 జౌళ్ళు. వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలియనిది కాదు. కారు ఆగేలోగా ఈ శక్తిలో అధికభాగాన్ని బ్రేకులే వేడిగా మార్చివేయాలి. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది గనుక ఈ పనిలో మూడింట రెండు వంతుల వరకు ముందు బ్రేకులకే పడుతుంది.

చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెమే డిస్కు. దానికి ఇరుప్రక్కల రెండు ప్యాడ్లుంటాయి. బ్రేకు పెడలును తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టను ముందుకు వచ్చి లోపలి ప్యాడును డిస్కుకు అదుముతుంది. క్యాలిపర్ తన గైడు పిన్నులపై జరిగి వెలుపలి ప్యాడును కూడ అదుముతుంది. కొత్త ప్యాడులో రాపిడి పదార్థం సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడు మార్చివేయడం శ్రేయస్కరం.

ఒక అనుభవం

కొంతకాలం క్రితం ఈ వ్యాసకర్త ఒక బాడుగ కారులో కదిరి నుండి ముదిగుబ్బ, బత్తలపల్లి మీదుగా అనంతపురం వస్తున్నాడు. బ్రేకు తొక్కినప్పుడెల్లా ముందు ఎడమ చక్రం నుండి ఇనుమును ఆకురాయితో రాచినట్లు ధ్వని వస్తున్నది. అడిగితే డ్రైవరు నవ్వి, పాట శబ్దం పెంచాడు. కొంత దూరం పోయిన తరువాత మేకల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కగా బండి ఒక ప్రక్కకు లాగి, మందకు బారెడు దూరంలో ఆగింది. మేకలు కాచే పిల్లవాడు కర్ర పట్టుకొని బండి ఎదుటనే నిలబడి ఉన్నాడు. ఆ పిల్లవాని ముఖం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది.

తరువాత రోడ్డు ప్రక్కన చింతచెట్టు క్రింద ఉన్న ఒక మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపారు. వయసు మళ్ళిన ఉస్తాద్ పానా పట్టుకొనక ముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“ఏం నాయనా, ఎన్నాళ్ళ నుంచి వస్తాంది ఈ ఆవాజ్?”

“పది దినాలాయ భాయ్. దుమ్ములే అనుకుంటి.”

“బ్రేకు తొక్కితే వస్తాదా, తొక్కకపోయినా వస్తాదా? మలుపులో ఏమన్నా మారుతుందా?”

“తొక్కితేనే వస్తాది భాయ్. మొదట్లో సన్నగా కీచుమనేది, ఇప్పుడు బరబరమంటాంది.”

చక్రం విప్పి చూడగా వెలుపలి ప్యాడు మందంగానే ఉన్నది. లోపలి ప్యాడు మాత్రం పూర్తిగా అరిగి, దాని ఇనుప పలక డిస్కును చాళ్ళు చాళ్ళుగా కోసివేసినది. గైడు పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, దుమ్ము చేరి, పిన్ను బిగుసుకొనిపోవడమే కారణం. క్యాలిపర్ జరగలేక భారమంతా లోపలి ప్యాడుపైనే పడినది. వెలుపలినుండి తొంగిచూచి “ప్యాడు బాగానే ఉన్నది” అనుకొన్నవారు మోసపోవడం ఇందువల్లనే.

“పది దినాలు అది పిలిచినాది నాయనా, నువ్వే పలకలేదు” అన్నాడు ఉస్తాద్. మొదటి దినమే వచ్చి ఉంటే ప్యాడ్లతో పోయేది. ఇప్పుడు డిస్కు కూడ మార్చవలసి వచ్చినది.

మూడు ప్రశ్నలు

ఆ ఉస్తాద్ అడిగిన ప్రశ్నలలోనే నిదాన శాస్త్రమంతా ఇమిడి ఉన్నది. ధ్వని బ్రేకు తొక్కినప్పుడు మారుతున్నదా? బండి వేగంతో పెరుగుతున్నదా? స్టీరింగు త్రిప్పినప్పుడు మారుతున్నదా? ఈ మూడింటికీ సమాధానం తెలిస్తే అనుమానించవలసిన భాగాలు రెండు మూడింటికి తగ్గిపోతాయి.

వినడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. జనసంచారం లేని చోట కిటికీ అద్దాలు దించి, పొడవాటి ప్రహరీ గోడ ప్రక్కన నెమ్మదిగా నడపాలి. గోడకు తగిలి తిరిగివచ్చే ధ్వని స్పష్టంగా వినిపిస్తుంది. ఒకరు నడుపుతుండగా మరొకరు వినడం ఇంకా మేలు.

బ్రేకు తొక్కినప్పుడు వచ్చే ధ్వనులు

సన్నని కీచుధ్వని: ప్యాడు డిస్కుపై పట్టుకొంటూ జారుతూ అతివేగంగా కంపించడం దీనికి కారణం. ఫిడేలు తీగపై కమాను చేసే పని ఇటువంటిదే. దుమ్ము చేరడం, ప్యాడు ఉపరితలం వేడికి గాజువలె నునుపెక్కడం, ప్యాడు వెనుక ఉండే పలుచని రేకులు ఊడిపోవడం వల్ల ఇది పుడుతుంది. వానపడిన మరునాటి ఉదయం డిస్కుపై సన్నని తుప్పు పొర ఏర్పడి, మొదటి కొద్దిసార్లు బ్రేకు తొక్కగానే పోయే ధ్వనికి భయపడనవసరం లేదు. అయితే అనేక కార్లలో ప్యాడు అరిగినప్పుడు డిస్కును తాకి కీచుమనేటట్లు ఒక చిన్న ఇనుప రేకును అమర్చుతారు. అది యంత్రకారుడు కావాలని పెట్టిన హెచ్చరిక. కావున ఆగకుండా వచ్చే కీచుధ్వనికి చక్రం విప్పి చూడడమే సమాధానం.

గరగర, బరబర ధ్వని: ఇనుము ఇనుమును తినే ధ్వని ఇది. ఇక ఆ బండిని నడపరాదు. అయితే బ్రేకు తొక్కినా తొక్కకున్నా ఒకే తీరున గీకుతున్నట్లు వినిపిస్తే, డిస్కుకూ దాని వెనుకనున్న రేకుకూ నడుమ చిన్న రాయి ఇరుక్కొని ఉండవచ్చును. మన కంకర రోడ్లపై ఇది అరుదు కాదు. బండిని కొంచెం వెనుకకు నడిపితే ఒక్కొక్కసారి ఆ రాయి రాలిపోతుంది.

టక్కుమనే ధ్వని: బ్రేకు తొక్కగానే ఒక్కసారి టక్కుమంటే క్యాలిపర్ బోల్టులు వదులైనవేమో, ప్యాడును పట్టే క్లిప్పులు ఊడినవేమో చూడాలి. గుంతలలో కూడ అదే ధ్వని వస్తే సస్పెన్షన్‌లోని బాల్ జాయింట్లు, రబ్బరు బుష్షులు అరిగి ఉండవచ్చును.

పెడలు క్రింద అదురు: ధ్వనికంటె పాదానికి, స్టీరింగుకు తెలిసే దోషమిది. డిస్కు మందం అన్నిచోట్ల సమంగా లేకపోవడం, చక్రపు నట్లను హెచ్చుతగ్గులుగా బిగించడం దీనికి హేతువులు.

బ్రేకుతో నిమిత్తం లేని ధ్వనులు

వేగంతోపాటు పెరిగే గుయ్యిమనే ధ్వని వీల్ బేరింగుదో, టైరుదో అయి ఉంటుంది. రోడ్డు నునుపు మారగానే ధ్వని మారితే టైరును అనుమానించాలి. మలుపులో మారితే బేరింగును అనుమానించాలి. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రంపై పడుతుంది. కావున ఎడమకు తిరిగినప్పుడు ధ్వని హెచ్చితే దోషం సాధారణంగా కుడి చక్రంలో ఉంటుంది. బేరింగు పూర్తిగా చెడితే చక్రం బిగుసుకొనిపోవడం, చివరకు ఊడిపోవడం కూడ సంభవమే.

స్టీరింగు పూర్తిగా త్రిప్పి కదిలినప్పుడు టకటకమని వరుసగా వినిపిస్తే, ముందు చక్రాలకు శక్తినందించే ఇరుసు చివరి జాయింటు అరిగినదని అర్థం. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరడమే దీనికి మూలం. బూటు చిరిగిన కొత్తలోనే మార్చిన యెడల జాయింటు దక్కుతుంది.

టైరు మార్చిన కొద్దిరోజులకే నెమ్మది వేగంలో ఏదో ఊగుతున్నట్లు, కొడుతున్నట్లు వినిపిస్తే తక్షణం ఆగి చక్రపు నట్లు పరీక్షించాలి. ఒక్క నిమిషంలో అయ్యే ఈ పనిని అలక్ష్యం చేస్తే చక్రమే ఊడిపోవచ్చు.

చేయవలసినవి – చేయరానివి

చక్రాన్ని పరీక్షించేటప్పుడు బండిని చదునైన నేలపై ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. జాకీతో లేపిన బండి క్రింద స్టాండు పెట్టనిదే దూరరాదు. చక్రాన్ని పైన, క్రింద పట్టుకొని ఊపినప్పుడు కదలిక తెలిస్తే బేరింగు లేదా బాల్ జాయింటు వదులైనదని, ఇరుప్రక్కల పట్టుకొని ఊపినప్పుడు తెలిస్తే స్టీరింగు కీళ్ళు వదులైనవని సామాన్యంగా గ్రహించవచ్చును. ప్రయాణం తరువాత ఒక చక్రం వద్ద మాత్రమే విపరీతమైన వేడి, కాలిన వాసన ఉంటే ఆ బ్రేకు విడవడం లేదని తెలుసుకోవాలి. డిస్కును చేతితో తాకరాదు.

కీచుధ్వని పోవడానికి ప్యాడ్లపై నూనె పూసేవారున్నారు. ఇది ఆత్మహత్యా సదృశం. ధ్వని పోతుంది, దానితోపాటు బ్రేకు కూడ పోతుంది. కాలిన డిస్కుపై చన్నీళ్ళు పోయడం కూడ తప్పే. బ్రేకు దుమ్మును నోటితో ఊదరాదు. పాత వాహనాల లైనింగులలో ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్బెస్టాస్ వాడేవారు. తడిగుడ్డతో తుడవడం క్షేమకరం.

బ్రేకు ఆయిలు మట్టం తగ్గితే ఊరక పోసి నింపరాదు. ప్యాడ్లు అరిగినందువల్లనో, ఎక్కడైనా కారుతున్నందువల్లనో అది తగ్గి ఉంటుంది. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవచ్చును. హార్స్లీ కొండ నుండి, తిరుమల కొండ నుండి దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆయిలు మరిగి, పెడలు మెత్తబడి, బండి ఆగకపోవడానికి ఇదే కారణం. దిగుడులో తక్కువ గేరు వాడడం, సుమారు రెండేళ్ళకొకసారి ఆయిలు మార్చడం విజ్ఞుల పద్ధతి.

ముగింపు

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరికి సొంత కార్లు ఉండకపోవచ్చు. కాని బస్సులోనో, ఆటోలోనో, బాడుగ కారులోనో ప్రయాణం చేయనివారు ఎవరూ లేరు. ముందు చక్రం నుండి ఇనుము రాచే ధ్వని వినిపించినప్పుడు “మనకెందుకు?” అని ఊరకుండక, డ్రైవరును ఆపి “అన్నా, ఒకసారి చూడరాదా?” అని అడిగే ధైర్యం అలవరచుకొనండి. ఆ ఒక్క మాట వల్ల మీ ప్రాణమే కాక, రోడ్డుపై మేకల ముందు కర్ర పట్టుకొని నిలబడిన ఎవరి బిడ్డ ప్రాణమో నిలువవచ్చును.