మీకు తెలుసా? పిండికట్లతో చక్కబడు వంకరపాదము

పుట్టుకతోనే లోపలికి మెలితిరిగిన శిశుపాదమును, పెద్ద శస్త్రచికిత్స లేకుండగనే, వారమున కొకసారి మార్చు పిండికట్లతో ఐదారు వారములలో చాలవరకు చక్కదిద్దవచ్చును.

స్పెయిన్ దేశమున జన్మించి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసిన ఇగ్నేషియో పాన్సెటి వైద్యుడు రూపొందించిన యీ పద్ధతిలో, ప్రతి వారమును పాదమును మృదువుగా సవరించి కట్టు వేయుదురు. మడమ వెనుకనున్న స్నాయువు బిగుసుకొనియున్నచో చిన్న గాటుతో దానిని సడలింతురు. పిమ్మట, కడ్డీతో జతచేసిన ప్రత్యేక పాదరక్షలను మూడు మాసములపాటు రోజునకు 23 గంటలును, ఆపై నాలుగైదేండ్ల వయస్సు వచ్చువరకు నిద్రాసమయములందును ధరింపజేయవలెను. ఈ నియమమును విడిచినచో వంకర తిరుగబెట్టుటకు అవకాశము మెండు.

సుమారు వేయి జననములలో ఒకదానియందు కానవచ్చెడి యీ లోపము, కేంద్రప్రభుత్వము 2013లో ఆరంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద చికిత్స చేయవలసిన లోపముల జాబితాలో చేర్చబడినది. కావున తాండూరు చెంతనున్న కరణ్‌కోట వంటి గ్రామములందు, బాలింతను చూడవచ్చిన ఆశా కార్యకర్త పసిబిడ్డ పాదములను పరీక్షించి, లోపమును గుర్తించి పంపినచో, ఆ బిడ్డకు ప్రభుత్వ వైద్యశాలలో ఉచితచికిత్స లభింపవలెను.