రైలు లేటైతే గులాబీ రంగు!
రోజూ చేసే ప్రయాణమే ఊలుగా, నేతగా మారిన కథలు

జర్మనీలో రోజూ రైలెక్కి ఆఫీసుకు వెళ్లొచ్చే మ్యూనిక్ ప్రాంతపు మహిళ ఒకావిడ 2018 పొడుగునా ఒక మఫ్లర్ అల్లింది. రోజుకు రెండు వరుసలు. రైలు ఐదు నిమిషాల లోపు ఆలస్యమైతే బూడిద రంగు ఊలు. ఐదు నుంచి అరగంటైతే గులాబీ. అరగంట దాటినా, రానూపోనూ రెండుసార్లూ ఆలస్యమైనా ఎరుపు. రైల్వే పనుల వల్ల బస్సుల్లో వెళ్లాల్సి వచ్చిన వేసవి కూడా ఆ వరుసల్లోకి ఎక్కింది.

2019 జనవరిలో కూతురు దాని ఫొటోను ట్విటర్‌లో పెట్టగానే దేశమంతా నవ్వుకుంది. ఈబే వేలంలో 7,550 యూరోలు పలికింది, అంటే దాదాపు ఆరు లక్షల రూపాయలు. ఆ సొమ్ము స్టేషన్లలో అవసరంలో ఉన్నవారిని ఆదుకునే బాన్‌హోఫ్స్‌మిషన్‌కు వెళ్లింది. బండి లేటని విసుక్కోవడం అందరూ చేసేదే. ఏడాది విసుగునంతా వరుస తప్పకుండా లెక్కగట్టి మెడకు చుట్టుకోవడం ఆవిడకే తోచింది.

మురికి దాచే ముగ్గు

మ్యూనిక్‌లో ప్రయాణికురాలు రైలు ఆలస్యాన్ని అల్లితే, లండన్‌లో రైలు సంస్థే ప్రయాణికుల కోసం నేయించింది. అక్కడి భూగర్భ రైళ్ల సీట్లకు వేసే మందపాటి బట్ట పేరు మోకెట్. ఎక్కువ పాలు ఉన్ని, కొంత నైలాన్. పైన నూగు ఉంటుంది. దాన్ని కొన్నిచోట్ల కత్తిరించి, కొన్నిచోట్ల ఉచ్చులుగానే వదిలేస్తారు. వేలితో తడిమితే రెండింటికీ తేడా తెలుస్తుంది.

1937లో ఈ బట్టకు డిజైన్లు గీసే పని ఈనిడ్ మార్క్స్ అనే కళాకారిణికి అప్పగించారు. సాదా బట్ట వేస్తే మరక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గీతలు మరీ గాఢంగా ఉంటే కదిలే బండిలో కళ్లు చెదురుతాయి. ఈ రెంటికీ మధ్య దారి వెతకడమే ఆమె పని. చాలా ఏళ్ల తర్వాత వాలస్ సూయెల్ అనే డిజైన్ సంస్థ గీసిన ‘బార్మన్’ నమూనాలో లండన్ ఐ, బిగ్ బెన్, సెయింట్ పాల్స్, టవర్ బ్రిడ్జి నీలి గళ్లలో దాగి ఉంటాయి. చూపు నిలిపితేనే దొరుకుతాయి. రోజూ అదే సీటులో కూర్చునేవారికి తగిన పొడుపుకథ అది.

లేసు దారం, లోకల్ బండి

అల్లికైనా నేతైనా చేసిందే మళ్లీ చేయడం. ఆఫీసు ప్రయాణమూ అంతే. అందుకే ఈ రెంటికీ పొత్తు కుదిరింది. చిన్న తేడా వచ్చినా నమూనాలో ఇట్టే తెలిసిపోతుంది. ముంబయి లోకల్ రైళ్ల లేడీస్ పెట్టెల్లో కూరలు తరిగే చేతులూ, అల్లే చేతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 2003 నుంచి తిరుగుతున్న మన హైదరాబాద్ ఎంఎంటీఎస్ రైళ్లలో మాత్రం ఎక్కువగా ఫోన్లే. అలాగని కొక్కెంతో అల్లే క్రోషా మనకేమీ కొత్త కాదు. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కుదుపుల బండిలో క్రోషాయే మేలు. స్వెటర్ అల్లే సూదుల మీద వరుస వరుసంతా నిలబడి ఉంటుంది. సూది జారిందా, బోలెడు కుట్లు ఊడతాయి. క్రోషాలో కొక్కేనికి ఉండేది ఒక్క ఉచ్చే. జారినా మళ్లీ పట్టుకోవచ్చు. పక్కవారికి మోచెయ్యీ తగలదు. నిలబడే చోటే దొరక్కపోతే ఆలస్యమైన నిమిషాలు ఫోన్‌లో రాసుకుని ఇంటికెళ్లి అల్లుకోవచ్చు. ఆలస్యాన్నే లెక్కించాలనీ లేదు. సీటు దొరికిన రోజుకు పసుపు, దొరకని రోజుకు నలుపు అనుకున్నా సరిపోతుంది.

ఒక్కటే షరతు: మొదట పెట్టుకున్న రంగుల లెక్క ఏడాది మధ్యలో మార్చకూడదు. మార్చితే రైళ్లు బాగుపడకుండానే మఫ్లర్ బాగుపడిపోతుంది!